మూడు షిఫ్టుల గోలీ

రండి, కుంపటి దగ్గరికి జరిగి కూర్చోండి. సింగరేణి డే దాటి నాలుగు రోజులైంది, గోదారి దిక్కు నుంచి వచ్చే గాలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఇప్పుడంటే ఇంటింటికీ గ్యాసు వచ్చింది గానీ, నా చిన్నప్పుడు ఎయిటింక్లయిన్ కాలనీలో పొద్దుగూకిందంటే క్వార్టర్ల ముందు బొగ్గు పొయ్యిలు రాజుకునేవి. కాలనీ అంతా పొగ కమ్ముకునేది. ఎదురింటి వాకిట్లో నిలబడ్డది ఎవరో గొంతును బట్టే తెలిసేది. ఫస్ట్ షిఫ్ట్ దిగి వచ్చిన మా బాపు స్నానం చేసి, కనురెప్పల అంచున కాటుకలా మిగిలిపోయిన బొగ్గుతోనే ఆ పొయ్యి ముందు చేతులు కాచుకునేవాడు. మా ఇంట్లో మాటలన్నీ అక్కడే నడిచేవి.

బాపు కోల్ ఫిల్లర్. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన మనిషి. ఒక చలికాలం పిక్క మీద బొగ్గు పెళ్ల పడి, పుండై, చీము పట్టింది. డాక్టరుగారు అమాక్సిసిలిన్ రాసిచ్చారు. చీటీ మీద మందు పేరు పక్కన మూడు ఒకట్లు, మధ్యలో గీతలు: 1–1–1. బాపు ఆ చీటీని మంట వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసి నన్నడిగాడు.

"పొద్దుగాల మింగిన గోలీ మాపటికల్లా ఏడ వోతది బిడ్డా? కడుపులనే ఉంటది గద. మళ్ల మళ్ల ఎందుకు మింగాలె?"

నేనప్పుడు డి.ఫార్మసీ చదువుతున్నాను. పరీక్ష రాసేంత తెలుసు, బాపుకు చెప్పేంత తెలియదు. "మూత్రంల పోతది బాపూ" అన్నాను.

"ఏసుకున్న మందు మూత్రంల పోయేదుంటే ఏసుకునుడు ఎందుకు మరి?"

నా దగ్గర జవాబు లేకపోయింది. తర్వాత గోదావరిఖని చౌరస్తాకు దగ్గర్లో మెడికల్ షాపు కౌంటర్ వెనక 27 ఏళ్లు నిలబడ్డాను. ఎంతయిందని అడిగారు, పాలతో వేసుకోవచ్చా అని అడిగారు, జ్వరం తగ్గింది కదా ఇక బంద్ చెయ్యొచ్చా అని అడిగారు. బాపు అడిగింది మాత్రం మళ్లీ ఎవరూ అడగలేదు. ఆయన పోయి పదేళ్లు దాటింది. ఈ పూట మీకు చెప్పబోయేది ఆయనకు నేను బాకీ పడ్డ జవాబు.

బాయిలోకి దిగినవాళ్లకు పంపు సంగతి ఒకరు చెప్పక్కర్లేదు. మా దగ్గర గనిని బాయి అంటాం, గోదారి ఒడ్డున తవ్విన బాయిలు మావి. భూమి పొరల్లోంచి నీళ్లు ఊరుతూనే ఉంటాయి. ఊరినవన్నీ పల్లంలో ఉన్న సంపులోకి చేరితే అక్కడి నుంచి పంపు పైకి తోస్తుంది. తవ్విన బొగ్గు కన్నా తోడిన నీళ్లే ఎక్కువ తూగే బాయిలున్నాయి. బొగ్గు తీసినా తీయకున్నా, సమ్మె అయినా దసరా అయినా, పంపు దగ్గర మనిషి ఉండాల్సిందే. నాలుగు దినాలు పంపు ఆగితే ఆ బాయిలో ఇక పని సాగదు.

ఒంట్లో ఆ డ్యూటీ కిడ్నీలది. ఒక్కోటి పిడికిలంత, బరువు 150 గ్రాములకు అటూ ఇటూ. గుండె తోసే రక్తంలో ఐదో వంతు, అంటే నిమిషానికి లీటరుకు పైగా, ఈ రెండు పిడికిళ్లకే వెళుతుంది. ఒక్కో కిడ్నీలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు ఉంటాయి. నెఫ్రాన్ అంటే ముందొక జల్లెడ, దాని వెనక మెలికలు తిరిగిన సన్నటి గొట్టం. రోజు మొత్తం మీద జల్లెడల్లోంచి దిగే ద్రవం 180 లీటర్లు. ఒంట్లో ఉన్న ప్లాస్మా మూడు లీటర్లే కాబట్టి, అదే ద్రవాన్ని కిడ్నీలు రోజుకు అరవై సార్లు వడపోస్తున్నాయన్నమాట. అందులో బయటికి వచ్చేది లీటరున్నర. మిగిలిన నీళ్లూ ఉప్పూ చక్కెరా అన్నీ గొట్టం గోడలు ఏరి తిరిగి రక్తానికి అప్పజెబుతాయి.

ఆదివారం మటన్ కొట్టినచోట ఒక గుర్దా విడిగా అడిగి తెచ్చుకుని నిలువుగా కోసి చూడండి. నేను మా పిల్లలకు ఇలాగే చూపించాను. పైన ఉల్లిపొరలాంటి చర్మం ఒలిస్తే వస్తుంది. దాని కింద ముదురు గోధుమ రంగు అంచు, లోపల కాస్త లేత రంగు కండ, నడిమధ్యలో తెల్లటి గుంట. జల్లెడలన్నీ ఉండేది ఆ ముదురు అంచులోనే. ఆ అంచును గుర్తుపెట్టుకోండి, ముందుముందు దానితో పని ఉంది.

ఇప్పుడు మందు దగ్గరికి వద్దాం. మింగిన గోలీ పేగుల్లోంచి రక్తంలోకి చేరుతుంది, రక్తంతో పాటు పుండు దాకా పోతుంది, అదే రక్తంతో కిడ్నీకీ పోతుంది. కిడ్నీకి అది బయటి సరుకు. రక్తంలోని మాంసకృత్తులను పట్టుకుని తిరిగే భాగం జల్లెడ దాటదు, విడిగా ఉన్నది దాటుతుంది. దాటినదాన్ని గొట్టం వెనక్కి తీసుకోకపోతే మూత్రంలో కలిసి పోతుంది. ఇంతవరకు సులువే. అయితే పెన్సిలిన్ జాతి మందులు జల్లెడ ఒక్కదాన్నే నమ్ముకుని పోవు. వాటి సంగతి లోకానికి తెలిసిన తీరు ఒక పెద్ద కథ, అది చెప్పకుండా నేను ముందుకు పోలేను.

1941 ఫిబ్రవరి, ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్. ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే 43 ఏళ్ల పోలీసు. ముఖం మీద మొదలైన చీము కళ్లకూ ఊపిరితిత్తులకూ పాకి, ఒక కన్ను తీసేయాల్సి వచ్చింది. హోవర్డ్ ఫ్లోరీ బృందం బూజు నుంచి గోరంత గోరంతగా తీసి దాచిన పెన్సిలిన్‌ను ఫిబ్రవరి 12న అతనికి ఇంజెక్షన్‌గా ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక్క రోజులోనే తేడా కనబడింది. జ్వరం దిగింది, ఆకలి పుట్టింది. కానీ మందు ఒంట్లో నిలవదే! ఇచ్చింది ఇచ్చినట్టు మూత్రంలోకి వచ్చేస్తోంది. అప్పటికి లోకంలో ఉన్న పెన్సిలిన్ మొత్తం కలిపినా చిన్న గిన్నె నిండదు. అందుకని అతని మూత్రాన్ని పట్టి, సైకిల్ మీద ల్యాబుకు చేరవేసి, అందులోంచి పెన్సిలిన్ మళ్లీ తీసి, మళ్లీ అతనికే ఎక్కించారు. అట్లా ఐదు రోజులు. ఆ తర్వాత తీయడానికీ ఏమీ మిగల్లేదు. జబ్బు తిరగబెట్టి మార్చి 15న అతను పోయాడు.

ఆ సైకిల్ సీసాను తలుచుకుంటే నాకు ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. బాపు అడిగిన రెండో ప్రశ్న, మూత్రంలో పోయేదాన్ని వేసుకోవడం ఎందుకన్నది, ఆ సీసాలోనే ఉంది. పోయింది నిజమే. కానీ పోయేలోపు చేయాల్సిన పని చేసింది, ఐదు రోజులు ఒక మనిషిని చావు నుంచి వెనక్కి లాగింది. అది సరిపోనంత త్వరగా కిడ్నీ దాన్ని తోసేసింది.

ఎంత త్వరగానో చెబుతా. పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇచ్చిన అరగంటకు రక్తంలో ఉన్నది సగానికి పడిపోతుంది. జల్లెడ ద్వారా పోయేది అందులో పదో వంతే. మిగతాదంతా గొట్టం గోడలోని కణాలు పక్కన పారే రక్తంలోంచి పనిగట్టుకుని లాగి మూత్రంలోకి విసిరేది. బాయి భాషలో చెప్పాలంటే, సంపులోకి తనంతట తాను చేరే నీళ్ల కోసం ఎదురుచూడకుండా, పంపు గోడలోంచే పీల్చుకుంటోంది. పెన్సిలిన్ కిడ్నీలోంచి ఒక్కసారి పోయొచ్చిందంటే అందులో చాలా భాగం తిరిగి రాదు.

దీనికి విరుగుడు కూడా కనిపెట్టారు. బాయిలోంచి మనుషులను పైకి తెచ్చే మ్యాన్‌రైడింగ్ ఎక్కినవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. షిఫ్టు దిగినవాళ్లంతా పైకి రావాలి, సీట్లు మాత్రం లెక్క ప్రకారమే ఉంటాయి. ముందొచ్చినవాళ్లు కూర్చుంటే వెనకవాళ్లు కిందే నిలబడాలి. 1950ల మొదట్లో అమెరికాలో కార్ల్ బేయర్ బృందం ప్రొబెనెసిడ్ అనే మందును తెచ్చింది. అది గొట్టం గోడలోని ఆ సీట్లన్నీ ఆక్రమించుకుంటుంది, పెన్సిలిన్ కింద రక్తంలోనే ఆగిపోతుంది. తక్కువ మందుతో ఎక్కువ సేపు పని జరుగుతుంది. తర్వాత పెన్సిలిన్ చౌకయ్యాక ఆ అవసరం తగ్గింది. ఇప్పుడు మన దగ్గర ఇంకో ఉపాయం నడుస్తోంది. రుమాటిక్ జ్వరం వచ్చి గుండె కవాటాలు దెబ్బతిన్న పిల్లలకు మూడు వారాలకోసారి పెనిడ్యూర్ సూది వేస్తారు, చూశారా? ఆ నొప్పికి పిల్లలు షాపు మెట్ల మీదే ఏడుపు లంకించుకునేవాళ్లు. అది కండలో గడ్డలా కూర్చుని రోజూ కొంచెం కొంచెంగా కరుగుతుంది. కిడ్నీ ఎంత తోసినా వెనక నుంచి ఊరుతూ ఉంటుంది కాబట్టి మూడు వారాలు కాపు కాస్తుంది.

బాపు అమాక్సిసిలిన్ ఆ జాతిదే. దానికి సగం తగ్గే కాలం సుమారు గంట. గంటకు సగం, రెండు గంటలకు పావు, మూడు గంటలకు అందులో సగం... ఎనిమిదో గంటకు రక్తంలో మిగిలేది మొదటిదాంట్లో 256వ వంతు. మింగినదాంట్లో సగానికి పైగా ఆ సరికి చెక్కుచెదరకుండా మూత్రంలో ఉంటుంది. ఈ జాతి మందులు క్రిములను చంపేది గంటల లెక్కన. ఎంత పెద్ద మోతాదు పడిందన్నది ఒక మేరకే పనికొస్తుంది, ఎన్ని గంటలు సరిపడా ఉందన్నదే ముఖ్యం. అందుకే మూడు ఒకట్లు. ఫస్ట్ షిఫ్టుకు ఒక గోలీ, సెకండ్ షిఫ్టుకు ఒకటి, నైట్ షిఫ్టుకు ఒకటి. ఒక గోలీ డ్యూటీ దిగి పైకి పోయేసరికి ఇంకోటి మస్టర్ పడి కిందికి దిగాలి. మధ్యలో ఒక షిఫ్టు నాగా అయితే అడ్డుకునేవాడు లేక క్రిములు మళ్లీ పెరుగుతాయి.

ఈ మాట బాపుకు చెప్పి ఉంటే ఒక్క క్షణంలో పట్టుకునేవాడు. ఇంకో మాట కూడా తనే అనేవాడు: అన్నం వేళలను పట్టుకుని పొద్దున ఎనిమిదికి, మధ్యాహ్నం ఒంటిగంటకు, రాత్రి ఎనిమిదికి వేసుకుంటే, రాత్రి నుంచి పొద్దుటి దాకా పన్నెండు గంటలు బాయి ఖాళీ కదా అని. నైట్ షిఫ్టులో ఉండి పగలు పడుకునేవాళ్లది ఇంకా చిక్కు. వాళ్లు ఒక పూట మందు నిద్రలోనే దాటేస్తారు. నేను కౌంటర్ మీద పెన్ను తీసి స్ట్రిప్పు వెనక షిఫ్టును బట్టి టైములు రాసిచ్చేవాణ్ణి.

మరి అజిత్రోమైసిన్ రోజుకొకటేనేం అంటారా? అది కణాల్లోకి చొచ్చుకుపోయి రోజుల తరబడి దాక్కుంటుంది, పోయేటప్పుడు కూడా ఎక్కువగా కాలేయం, పిత్తం దారిన పోతుంది. సెఫ్ట్రయాక్సోన్ సగం మూత్రంలో, సగం పిత్తంలో. లెవోఫ్లాక్సాసిన్ దాదాపు అంతా కిడ్నీ దారే, కాకపోతే మెల్లగా. టీబీకి వేసే రిఫాంపిసిన్ ఎక్కువ భాగం పిత్తంలోనే పోయినా, మూత్రంలోకి వచ్చిన కొంచెమే ఎర్రటి నారింజ రంగు పట్టించి, మొదటి రోజు వేసుకున్నవాళ్లను హడలగొడుతుంది. నైట్రోఫ్యూరాన్‌టాయిన్ అనే మందు ఉంది, దాని తీరు వేరు. రక్తంలో పనికొచ్చేంత ఎప్పుడూ నిలవదు, కిడ్నీ తోసేసిందంతా మూత్రంలో చిక్కగా చేరుతుంది. అందుకే మూత్రంలో మంట పుట్టే ఇన్‌ఫెక్షన్లకు అది పనికొస్తుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లలో అది మూత్రంలోకి చేరక అక్కరకు రాదు.

ఇక్కడ మన తెలుగువాడిని ఒకసారి తలుచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థ పరిశోధనలకు అధిపతిగా ఉన్నప్పుడే, బెంజమిన్ డగ్గర్ మిస్సోరీ పొలంలోని మట్టి నుంచి ఆరియోమైసిన్‌ను పట్టుకున్నాడు. టెట్రాసైక్లిన్ జాతిలో అదే మొదటిది. 1948 జులైలో దాన్ని లోకానికి ప్రకటించారు, ఆగస్టు 8న సుబ్బారావు పోయారు. ఆ జాతి మందులు కిడ్నీ నుంచీ పేగుల నుంచీ రెండు దారుల్లోనూ పోతాయి. అందులో డాక్సీసైక్లిన్ కిడ్నీ మీద ఆధారపడకుండా ఎక్కువగా పేగు దారినే పోతుంది కాబట్టి కిడ్నీ జబ్బున్నవాళ్లకూ మోతాదు మార్చకుండా ఇస్తారు. అదే పాతకాలపు టెట్రాసైక్లిన్ డేటు దాటి, ఎండకూ తేమకూ చెడిపోయాక మింగితే కిడ్నీ గొట్టాలు దెబ్బతిని, చక్కెర, అమైనో ఆమ్లాలు మూత్రంలోకి కారిపోయాయని 1963లో అమెరికా వైద్యులు రాశారు. మా ఊరి ఎండలో రేకుల షెడ్డు కింద అట్టపెట్టెలో మందులు పెట్టుకునేవాళ్లను చూసినప్పుడల్లా నాకు ఆ సంగతే గుర్తొచ్చేది.

ఇంతవరకు కిడ్నీ మందును ఏం చేస్తుందో చెప్పాను. మందు కిడ్నీని ఏం చేస్తుందో కూడా చెప్పాలి. కుంపటిలో ఇంకో రెండు బొగ్గులు వెయ్యండి.

మా ఎదురింటి కాక బాయిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని. అప్పటికి ఆయనకు 68 ఏళ్లు. మే నెల. రామగుండం ఎండ మీకు తెలిసిందే, 45 డిగ్రీలు దాటిందంటే ఎవరూ ఆశ్చర్యపోరు. కాకకు జ్వరం, విరేచనాలు. మోకాళ్ల నొప్పులకు ఎప్పటి నుంచో వాడే నొప్పి గోలీలు సరేసరి. దగ్గర్లోని ఒక చిన్న క్లినిక్కులో జెంటామైసిన్ సూది మొదలుపెట్టారు, రోజుకు రెండు పూటలా. రక్త పరీక్ష లేదు. మొదటి మూడు రోజుల ఆంప్యూళ్లు నా షాపు నుంచే పోయాయి. నా చేత్తోనే కాగితంలో చుట్టి ఇచ్చాను. అప్పుడు నేనేమీ అడగలేదు. ఈ మాట చెప్పకుండా ఈ కథ చెప్పే హక్కు నాకు లేదనుకుంటాను.

ఆరో రోజు సాయంత్రం కాకే నడిచి వచ్చాడు. ఇంకో నాలుగు ఆంప్యూళ్లు కావాలన్నాడు. తలను కొంచెం పక్కకు వంచి మాట్లాడుతున్నాడు.

"ఏమైంది కాకా, చెవి నొప్పా?"

"నొప్పి గాదు బిడ్డా. చెవులల్ల టబ్బులు గుంజే హాలర్ నడిచినట్టు ఉంటున్నది. రాత్రి సప్పుడు ఇంక ఎక్కువైతది."

నా ఒళ్లు చల్లబడింది. మూత్రం ఎలా వస్తోందని అడిగాను. "మంచిగనే అయితున్నది, దానికేం తక్కువ లేదు" అన్నాడు. ఆంప్యూళ్లు ఇవ్వకుండా, షాపు పిల్లాడికి అప్పగించి, కాకను తోడుకుని ల్యాబుకు పోయాను. కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ 3.4 వచ్చింది, ఉండాల్సినదాని కన్నా చాలా ఎక్కువ. ఆ రాత్రే పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయాం. సూది ఆపించారు, నొప్పి గోలీలు ఆపించారు, సెలైన్లు లెక్కగా ఎక్కించారు.

జరిగింది ఇదీ. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇవన్నీ ఒక కుటుంబం. ఒళ్లు వీటిని ఏమాత్రం అరిగించుకోలేదు, వచ్చినది వచ్చినట్టు జల్లెడ గుండా పోవాల్సిందే. వేరే దారి లేదు. పోయేటప్పుడు గొట్టం మొదటి మెలికలో మెగాలిన్ అనే కొక్కెం లాంటిది కొంత మందును పట్టి కణాల్లోకి లాగుతుంది. కోసి చూసిన గుర్దాలో ముదురు గోధుమ రంగు అంచు గుర్తుందా, అక్కడే. రక్తంలోంచి గంటల్లో పోయే మందు ఆ అంచులో రోజుల తరబడి పేరుకుంటుంది. కణాలు ఉబ్బి చనిపోవడం మొదలవుతుంది. ఐదు రోజులు, వారం గడిచాక క్రియాటినిన్ ఎక్కుతుంది. మూత్రం మాత్రం మామూలుగానే వస్తూ ఉంటుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. కిడ్నీ మందగించగానే మందు బయటికి పోవడం తగ్గుతుంది, రక్తంలో నిలిచిన మందు కిడ్నీని ఇంకా దెబ్బతీస్తుంది. పంపు పాడైన బాయిలో నీళ్లు పెరిగి, ఆ నీళ్లలో పంపే మునిగినట్టు. లోపలి చెవిలోని రోమ కణాల్లోకీ అదే మందు చేరుతుంది. కిడ్నీ గొట్టాల కణాలు మళ్లీ పుడతాయి, చెవివి పుట్టవు.

దానికి తోడు విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే కిడ్నీకి చేరే రక్తమే తగ్గుతుంది. అలాంటప్పుడు జల్లెడ ముందుండే సన్నటి రక్తనాళాన్ని తెరిచి ఉంచే ఏర్పాటు ఒంట్లో ఒకటుంది, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోలీలు సరిగ్గా దాన్నే మూసేస్తాయి. ఎండ, విరేచనం, నొప్పి గోలీ, జెంటామైసిన్: ఈ నాలుగూ ఒకేచోట కలిసే ఊళ్లలో మాది ఒకటి. ఓపెన్‌కాస్ట్‌లో ఎండకు మాడి, ఒళ్లునొప్పులకు ఇంటికి పోతూ పోతూ గోలీ కొనుక్కునేవాళ్లను నేను లెక్కలేనంతమందిని చూశాను.

జెంటామైసిన్ చెడ్డ మందని అనుకోకండి. రక్తంలో విషం పాకినప్పుడు ప్రాణం నిలబెడుతుంది. ఈ కుటుంబం గంటల లెక్కన కాక దెబ్బ లెక్కన, అంటే ఒక్కసారి ఎంత మోతాదు పడిందన్న లెక్కన పనిచేసే రకం కాబట్టి, చాలామందికి మొత్తం మోతాదు రోజుకు ఒకేసారి ఇచ్చి, మిగతా గంటలు కిడ్నీకి వదిలేయడం మంచిదని తర్వాత తేలింది. ఎన్ని రోజులు, ఎంత, ఎవరికి అన్నది కిడ్నీని చూసి తేల్చాలి. టీబీ ప్రోగ్రాంలో స్ట్రెప్టోమైసిన్ సూదులు నడిచిన రోజుల్లో యాభై దాటినవాళ్లకు 750 మిల్లీగ్రాముల బదులు 500 ఇచ్చేవాళ్లు. బొగ్గు దుమ్ముతో బతికిన ఊరు, టీబీ మాకు కొత్త కాదు. ఆ సూదులు తీసుకున్నవాళ్లు ఎందరో మా గల్లీలోనే ఉండేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఆ తగ్గింపు ఎందుకో తెలియదు. నలభై దాటాక సాధారణంగా ఏడాదికి ఒక మిల్లీలీటరు చొప్పున నిమిషపు వడపోత తగ్గుతూ పోతుంది, అదీ కారణం.

ఇక్కడొక చిన్న లెక్క చేసి చూపిస్తాను. 1976లో కాక్‌క్రాఫ్ట్, గాల్ట్ అనే ఇద్దరు డాక్టర్లు ఇచ్చిన సూత్రం ఇది, మందుల మోతాదు తేల్చడానికి ఇప్పటికీ వాడతారు. 140లోంచి వయసు తీసేయాలి. వచ్చినదాన్ని బరువుతో గుణించాలి. 72ను క్రియాటినిన్‌తో గుణించి, దానితో భాగించాలి. ఆడవాళ్లయితే వచ్చిన జవాబులో 85 శాతమే తీసుకోవాలి. ఒక ఇంట్లో తండ్రీ కొడుకూ ఉన్నారనుకుందాం. ఇద్దరి రిపోర్టులోనూ క్రియాటినిన్ 1.2. కొడుక్కు 30 ఏళ్లు, 70 కిలోలు: నిమిషానికి సుమారు 89 మిల్లీలీటర్లు. తండ్రికి 70 ఏళ్లు, 45 కిలోలు: 36. రిపోర్టులో అంకె ఒకటే, కిడ్నీ పని సగం కూడా లేదు! క్రియాటినిన్ కండ నుంచి పుట్టేది. ముసలాయన ఒంట్లో కండే లేదు, అందుకని కిడ్నీ నీరసించినా ఆ అంకె అంతగా ఎక్కదు. రిపోర్టు కింద నార్మల్ అని ఉంటుంది, ఇంట్లోవాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కొడుక్కు ఇచ్చిన లెవోఫ్లాక్సాసిన్ మోతాదే తండ్రికీ రోజూ వేస్తే, పూర్తిగా పోకముందే ఇంకోటి పడుతూ రక్తంలో పేరుకుంటుంది. కిడ్నీ సరిగా లేనివాళ్లలో సెఫెపిమ్ లాంటివి ఇలా పేరుకుని మనిషికి మతి తప్పినట్టు, చేతులు ఎగిరిపడుతున్నట్టు చేస్తాయి. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుని వచ్చినవాళ్లను చూశాను. డయాలిసిస్ మీదున్నవాళ్ల సంగతి ఇంకో రకం. మెషీనే కొన్ని మందులను లాగేస్తుంది కాబట్టి, ఆ రోజు మోతాదును డయాలిసిస్ అయ్యాక ఇస్తారు.

ఇంకొక్క విషయం. ఆక్స్‌ఫర్డ్ పోలీసు మూత్రంలో వచ్చిన పెన్సిలిన్ ఇంకా బతికున్న మందే, అందుకే తిరిగి పనికొచ్చింది. మనం పోసేదాంట్లోనూ అంతే. అది కాలువల్లోకీ గోదారిలోకీ చేరుతుంది, అక్కడి క్రిములకు కొద్దికొద్దిగా అలవాటవుతుంది. మన పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల నీటిని శుద్ధి చేసే కేంద్రం నుంచి వచ్చే నీళ్లలో, మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదాని కన్నా ఎక్కువ సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రకటించారు. అది ఫ్యాక్టరీల పని, మన కిడ్నీలది దాని ముందు చిన్నది. అయినా జలుబుకు ఊరికే మింగిన ఒక్కో గోలీ ఎటు పోతుందో నాకు కనిపిస్తూనే ఉంటుంది.

కాక సంగతి మధ్యలో వదిలేశాను కదూ. రెండు నెలలు పట్టింది. క్రియాటినిన్ 3.4 నుంచి మెల్లమెల్లగా దిగి 1.5 దగ్గర నిలబడింది. చెవిలో హాలర్ మాత్రం ఆగలేదు. రాత్రిళ్లు రేడియో చిన్నగా పెట్టుకుని పడుకుంటాడు, ఆ చప్పుడులో ఈ చప్పుడు కొంత కలిసిపోతుందట.

మొన్న చలికి దగ్గు పట్టి, జ్వరం తగిలి షాపుకొచ్చాడు. స్వెట్టర్ మీద స్వెట్టర్, తలకు మఫ్లర్. చేతిలో డాక్టరు చీటీ ఉంది, నేను చెయ్యి చాపాను. ఇవ్వలేదు. ముందు జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో మెడికల్ కార్డు, దాని వెనక నాలుగు మడతల కాగితం. ఆ కాగితం విప్పి, మడతలు అరచేత్తో సాపు చేసి, అంకె ఉన్నచోట వేలు పెట్టి కౌంటర్ మీద నా ముందుకు జరిపాడు.

"ఇగో, ముందుగాల ఇది చూడు బిడ్డా. పోయిన వారం చేయించింది. డాక్టరు సాబ్‌కు సుత చూపెట్టిన. చూసినంకనే చీటీ ఇస్త."